గురక ఆగితే తన్నే కాలు

కరోనా సద్దుమణిగిన మరుసటేడు. అప్పటికి నేనింకా గూడూరు ఆస్పత్రిలో నర్సుగా చేస్తా ఉండా. నేను చెప్పేది నిదానంగా రాసుకో చిట్టీ, నాకూ ఆయాసంగా ఉండాది.

కృష్ణపట్నంలో కంపెనీ బస్సు తోలే రమణయ్యని పెళ్ళాం సుబ్బమ్మ తీసకొచ్చింది. గుండె దడ. నాడి పట్టుకుంటే ఒక వరసలో లేదు. ఈసీజీ తీస్తే ఏట్రియల్ ఫిబ్రిలేషన్. అంటే గుండె పై గదులు లయ తప్పి వణకతాయి, వదిలేస్తే రక్తం గడ్డకట్టి పక్షవాతం రావచ్చు. ఆయనకి ఆ భయం లేదు. బస్సు తోలనియ్యరేమో, అదొక్కటే భయం.

నిద్రెట్టా పడతాదని డాక్టరుగారు అడిగినారు. "నాకేం సార్, తల ఆనిస్తే గురకే" అన్నాడు గొప్పగా. మన పక్క గురకంటే మంచి నిద్రనే కదా లెక్క. సుబ్బమ్మేమో తల వంచుకునింది. ఎట్టా పెడతాడో చేసి చూపించమ్మా అన్నా నేను. సిగ్గుపడతానే మొదలుపెట్టింది. వార్డంతా నవ్వులు. ఉన్నట్టుండి ఆపేసి, ఊపిరి బిగబట్టి అట్టనే నిలబడింది. నవ్వులు ఆగిపోయినా ఊపిరి తియ్యలేదు.

"ఇట్టా ఆగిపోతాదక్కా. చేత్తో కుదిపితే లేవడు. కాలితో తంతా."

మొగుణ్ణి కాలితో తన్నడం పాపమని ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలా. రోజూ తెల్లారి ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టుకునేదంట.

"అది భక్తి అనుకున్నా గదే" అన్నాడు రమణయ్య.

"భక్తా? తప్పు కాయమని."

దాన్ని స్లీప్ ఏప్నియా అంటారు. నిద్రలో గొంతు మూసుకొని ఊపిరాగతాది, గాలందక గుండె తల్లడిల్లతాది. రక్తపరీక్షలో థైరాయిడ్ హార్మోను కూడా తక్కువే. దాంతో ఒళ్ళు బరువెక్కి ఆ ఆగడం ఇంకా ఎక్కువైంది. గుండెకీ థైరాయిడుకీ మాత్రలిచ్చి, ముక్కుకి తగిలించి గాలి పంపే సీపాప్ మిషను పెట్టినారు. కొన్నాళ్ళు స్టీరింగు ముట్టొద్దంటే ఏడ్చినంత పని చేసినాడు. నెలలు పట్టింది. లయ కుదుటపడి, డాక్టరుగారు సరేనన్నాకే మళ్ళా బస్సెక్కినాడు.

ఆ కబురు చెప్పడానికొచ్చి సుబ్బమ్మ బెంచీ మీద కూలబడింది. "ఆయన నిద్రపోతా ఉండాడక్కా. నాకే పట్టడం లేదు. చప్పుడు లేకపోతే ఊపిరుందా అని లేచి చూస్తా."

ఆమె చెయ్యి తీసుకొని నాడి చూసినా. అన్నిసార్లు వచ్చిందే, ఆ చెయ్యి అప్పటిదాకా ఎవరూ పట్టుకోలా.

అప్పట్నించి రోగికి మంచం చూపించినాక, కూడా వచ్చినోళ్ళకి కుర్చీ వేసి, నువ్వు కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్ళయిందమ్మా అని అడిగేదాన్ని.