చూశానని చెప్పిన పునాది

మీరు చూడనిదాన్ని చూశానని ఎవరికైనా, ఎప్పుడైనా చెప్పారా? తొందరపడి లేదనకండి. కాసేపు ఆలోచించుకోండి.

నేను చెప్పాను. ఒకే ఒక్క మాట. దాన్ని ఎనిమిదేళ్లుగా మోస్తున్నాను. ఇలాంటి బరువును గుండె మీద బండరాయి అంటుంటారు. నాది అలా లేదు. చెప్పులో ఇరుక్కున్న గులకరాయిలా ఉంది. నడవడానికి ఏమీ అడ్డం కాదు, పక్కవాళ్లకు కనపడదు, నలుగురిలో వంగి తీయాలంటే మాత్రం సిగ్గు. అందుకే ఎనిమిదేళ్లు నడిచాను. సభల్లో నడిచాను, వేదికల మీద నడిచాను, ఇతరుల అబద్ధాలను చీల్చి చెండాడుతూ నడిచాను.

దీని కింద నా పేరు వేయడం లేదు. భయం వల్ల కాదు అని రాసి, కొట్టేశాను. భయం వల్లే.

నేను హేతువాదిని. సింగపూర్ వచ్చి ఇరవై ఏళ్లు దాటింది, ఇల్లు యూ టీ అనే పేటలో. నెలకొక ఆదివారం బుకిట్ బటోక్‌లో ఒక ఫ్లాట్ల బ్లాకు కింది గదిలో మేం పదిహేను ఇరవై మంది తెలుగువాళ్లం కూర్చుని వాదించుకుంటాం. వాస్తు, ముహూర్తాలు, జాతకాలు, బాబాలు, దేన్నీ వదలం. అక్కడ ఒక నియమం ఉంది. పెట్టింది నేనే. ఎవరు ఏ సంగతి ఎత్తినా, అది చూశారో విన్నారో ముందు చెప్పాలి. చూశానంటే మాట్లాడవచ్చు. విన్నానంటే, ఎవరి దగ్గర విన్నారో పేరు చెప్పాలి. చెప్పలేకపోతే కూర్చోవాలి. ఆ ఒక్క ప్రశ్నకు ఎన్ని మహిమలు అక్కడికక్కడే కూలిపోయాయో నాకు తెలుసు. కూల్చినప్పుడల్లా నాకు కలిగిన గర్వమూ తెలుసు.

మూడో వరసలో మంగమ్మ ఆంటీ కూర్చునేది. తాతలు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి మలయా తోటలకు వెళ్లినవాళ్లు. ఆవిడ అక్కడే పుట్టింది, పెళ్లి చేసుకుని ఇటు వచ్చింది. తెలుగు మాట్లాడుతుంది, మాట చివర ఇక్కడివాళ్ల అలవాటుగా ‘లా’ తగిలిస్తుంది, చదవడం మాత్రం రాదు. బూన్ లేలో ఒక హాకర్ సెంటర్‌లో, చిన్న చిన్న తిండి కొట్లన్నీ ఒకే కప్పు కింద ఉండే చోట, దోసెల కొట్టు నడిపేది. భర్త జబ్బు పడ్డప్పుడు ఒక బాబా తాయెత్తు కట్టి మందులు మాన్పించాడు. ఆయన పోయాడు. అప్పటినుంచి మా సమావేశానికి వస్తోంది. మీ ప్రశ్న ఆ రోజు నాకు తెలిసి ఉంటే ఆ బాబాను గుమ్మంలోనే నిలబెట్టి అడిగేదాన్ని, అనేది. ఆ ప్రశ్న మా అందరికీ వాదంలో ఆయుధం. ఆవిడకు అది ఆలస్యంగా దొరికిన మందు. ఆ తేడా నాకు ఎందుకు తెలియలేదు? తెలియకపోవడం కాదు. పట్టించుకోలేదు.

ఆవిడకు ఒకటే కోరిక. కూర్చోవాలి. నలభై ఏళ్లుగా పెనం ముందు నిలబడ్డ మోకాళ్లు ఇక వద్దంటున్నాయి.

ఆ రోజుల్లో గల్ఫ్‌లోని ఒక నగరం గురించి ఇక్కడ తెగ చెప్పుకునేవారు. పేరు అనవసరం. ఏటేటా సముద్రాన్ని పూడ్చుకుంటూ ముందుకు జరిగే నగరం, ఎక్కడెక్కడి యాత్రికులో వచ్చి పడే నగరం. అక్కడ కట్టబోయే ఒక టవర్‌లో ఫ్లాట్లను ప్రసాద్ అనే తెలుగు ఏజెంటు ఇక్కడ అమ్ముతున్నాడు. కొన్న ఫ్లాటును కంపెనీయే యాత్రికులకు అద్దెకిస్తుంది, నెలనెలా అద్దె మీ ఇంటికొస్తుంది, ఇదీ అతని పాట. అతనే నన్ను పిలిచాడు. టికెట్లు, హోటలు అంతా కంపెనీదే. మీరు ఊరికే పొగిడే మనిషి కాదు కదా సార్, వెళ్లి చూసి ఉన్నదున్నట్టు రాయండి, చాలు, అన్నాడు. ఎంత తెలివైన మాట! నా నిజాయితీకే గాలం వేశాడు. కరుచుకున్నాను.

వెళ్లాను. గాజు గోడల వెనక సొరచేపలు చూశాను. లిఫ్టులో చెవులు మూసుకుపోయేంత ఎత్తుకు వెళ్లాను. ఇసుక దిబ్బల మీద జీపులో ఎగిరెగిరి పడ్డాను. ఆ ఎత్తు మీద నిలబడి నేను ఏమనుకున్నానో రాయడానికి ఇప్పుడు ఒళ్లు మండుతోంది. సిమెంటు, ఇనుము, లెక్క, ఈ మూడిటితో మనిషి తానుగా కట్టుకున్న స్వర్గం ఇది, ఏ దేవుడూ చేయి వేయలేదు, అనుకున్నాను. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. కొబ్బరికాయ కొట్టేవాణ్ణి చూసి నవ్వే నేను, కాంక్రీటు ముందు చేతులు జోడించాను. కట్టిన చేతులు ఎవరివి, వాళ్లు ఎక్కడ పడుకుంటారు, అడిగానా? అడగలేదు. భక్తుడు గర్భగుడిలో ప్రశ్నలు వేయడు.

మూడో రోజు మధ్యాహ్నం మా బస్సు ఆ టవర్ స్థలం దగ్గర ఆగింది. ఫొటోలు తీసుకోవడానికి అయిదు నిమిషాలు ఇచ్చారు. నిలువెత్తు రేకుల కంచె. దాని మీద నీలం సముద్రం, తెల్లటి టవరు, నవ్వే కుటుంబం బొమ్మలు. కంచె నీడలో నలుగురు కూలీలు కాళ్లు ముడుచుకుని కూర్చున్నారు. నేను ఫోనులో తెలుగు మాట్లాడుతుంటే ఒకతను లేచి దగ్గరకు వచ్చాడు. కరీంనగర్ వైపు మనిషి. ఇక్కడ ఫ్లాటు కొనడానికి వచ్చారా సార్ అని అడిగాడు. నేను నవ్వి, చూడటానికి వచ్చాను అన్నాను. అతను గొంతు తగ్గించి చెప్పాడు.

"ఈడ ఏం కడ్తలేరు సార్. కంచె ఏసి ఏడాదైతుంది. లోపట వట్టి ఇసుకనే. మేం పక్క సైటోళ్లం, నీడ కోసం ఈడ కూసుంటున్నం."

కంచెలో ఒక రేకు ఊడి వేలాడుతోంది. నేను నిలబడ్డ చోటికి పది అడుగుల దూరం. పది అడుగులు వేసి, తల వంచి చూస్తే సరిపోయేది. వేయలేదు. ఎండ అనుకున్నాను. బస్సు బయల్దేరుతోంది అనుకున్నాను. ఎండ కాదు, బస్సు కాదు. చూస్తే ఏం కనిపిస్తుందో నాకు తెలిసిపోయింది. చూడకపోతే అది నాకు తెలియనట్టే. బస్సెక్కాక నా నియమాన్నే నాకు అడ్డం పెట్టుకున్నాను. ఇది చూసింది కాదు, విన్నది. ఎవడో కూలివాడు చెప్పింది. అతని పేరు కూడా అడగలేదు. కాబట్టి లెక్కలోకి రాదు.

ఆ లోపలి ఇసుకను చూసిన మనిషి అతను. నేను చూడనివాణ్ణి. మా సభలో అయితే మాట్లాడే హక్కు అతనికి ఉండేది. నన్ను కూర్చోబెట్టేవారు.

తిరిగొచ్చి ఇక్కడి తెలుగు పత్రికలో యాత్రా వ్యాసం రాశాను. అందరూ మెచ్చుకున్నారు. ఎడారి మీద మనిషి గెలుపు అంటూ మొదలుపెట్టి, ఆ టవర్ పునాదులు లేస్తుండగా కళ్లారా చూశానని ముగించాను. ఆ వాక్యం ఎందుకు రాశాను? ఎవరూ అడగలేదు. వ్యాసం చివర బాగుంటుందని రాశాను. అంతే. నిజంగా అంతే.

మరుసటి నెల సింగపూర్ నడిబొడ్డున ఒక హోటల్‌లో ప్రసాద్ ప్రదర్శన పెట్టాడు. గాజు పెట్టెలో టవర్ నమూనా, కిటికీకొక చిన్న దీపం, అడుగున నీలం రంగు ప్లాస్టిక్ సముద్రం. మంగమ్మ ఆంటీ పట్టుచీర కట్టుకుని వచ్చింది. నమూనా చుట్టూ రెండుసార్లు తిరిగింది. నన్ను చూసి చెయ్యి ఊపి పిలిచింది. చుట్టూ మా సమావేశం వాళ్లే ఆరేడుగురు ఉన్నారు.

"తంబీ, సముద్రం కనపడే ఫ్లాటంట. మా వంటింట్లోంచి బూన్ లే బస్సులు కనబడతాయి, అదీ వ్యూయే గదా" అని తనే నవ్వింది. తర్వాత నవ్వు ఆపింది. "నువ్వు దేవుణ్ణే నమ్మవు. ఈ మనుషుల్ని నమ్ముతున్నావేటి?"

"నేను వెళ్లొచ్చానాంటీ."

"ఎల్లినావు, సరే. సూసినావా, ఇన్నావా?"

నా ప్రశ్న. నేను నేర్పిన ప్రశ్న. ఆవిడ నోట ఎంత శుభ్రంగా ఉందో! చుట్టూ ఉన్నవాళ్లు మురిపెంగా నవ్వారు. చూడలేదు అంటే నా వ్యాసం అక్కడే అబద్ధమైపోతుంది. ఆరేడుగురి ముందు. ఎంతసేపు ఆలోచించాను? ఒక్క గుటక మింగినంతసేపు.

"చూశానాంటీ."

"ఏటి సూసినావు?"

"పునాదులు. పని గట్టిగా జరుగుతోంది."

"అయితే చాలు లా. అయ్యగారి దగ్గర ముహూర్తం అడుగుదారనుకున్నాను. ఇంకెందుకు, నువ్వు సూసినావు" అంది.

సంతకం పెట్టి, దాచుకున్నదంతా కట్టింది. రెండేళ్లకు అద్దె మొదలవుతుందని చెప్పారు. ఆ నమ్మకంతో రెండో ఏడు తన కొట్టు ఇంకొకరికి వదిలేసింది. మూడో ఏడు కంపెనీ నుంచి ఉత్తరాలు ఆగిపోయాయి. ప్రసాద్ ఫోను పలకలేదు. ఆ కంచె మాత్రం, అక్కడికి వెళ్లొచ్చినవాళ్లు చెప్పారు, ఇంకా అలాగే ఉందట. ఇది విన్నది. కానీ ఈసారి నమ్ముతున్నాను.

ఇప్పుడు ఆవిడ అదే హాకర్ సెంటర్‌లో పని చేస్తోంది. కొట్టులో కాదు. జనం తిని వదిలేసిన పళ్లేలు ఎత్తి, బల్లలు తుడుస్తుంది. వయసు డెబ్బై మూడు. ఆవిడ దోసెలు పోసిన చోట వేరే ఎవరో నూడిల్స్ అమ్ముతున్నారు. రోజంతా నిలబడే ఉంటుంది.

ఇంతవరకే అయితే పొరపాటు అని కొందరైనా సర్దిచెప్పవచ్చు. ఆ అవకాశం మీకు ఇవ్వను. అసలు తప్పు తర్వాత చేశాను.

ఆ టవర్ మోసం బయటపడ్డాక మా సమావేశంలో చర్చ పెట్టారు. నన్నే మాట్లాడమన్నారు. మాట్లాడాను. అత్యాశ కూడా మూఢనమ్మకమే అని అరగంట ఉపన్యాసం. రూపాయికి పది రూపాయలు వస్తాయనుకునేవాడికీ, బూడిదతో రోగం పోతుందనుకునేవాడికీ తేడా లేదన్నాను. గొంతు చించుకున్నాను. చప్పట్లు కొట్టారు. మూడో వరసలో మంగమ్మ ఆంటీ ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుని ఉంది. అత్యాశ! కాస్త కూర్చోవాలనుకోవడం అత్యాశ!

ఎవరో వెనక్కి తిరిగి, ఎవరు చెబితే కొన్నారాంటీ, అని అడిగారు. గదంతా ఆవిడ వైపు తిరిగింది. ఆవిడ నా వైపు చూడలేదు.

"ఎవరో సూసినామని సెప్పినారు" అంది.

విన్నానంటే ఎవరి దగ్గరో పేరు చెప్పాలి. అది నియమం. ఆ ప్రశ్న అడగవలసింది సభ నడిపేవాడు. నడిపేది నేను. హోటల్‌లో ఆ రోజు నా పక్కన నిలబడి నవ్విన ముగ్గురు కూడా గదిలో ఉన్నారు. వాళ్లూ నేలవైపు చూశారు. నేను గొంతు సవరించుకుని, ఇక తర్వాతి అంశం, అన్నాను.

ఇరవై ఏళ్లలో ఆ నియమం తప్పింది ఆ ఒక్కసారే.

బాబా మోసం చేయాలంటే బూడిద కావాలి, కాషాయం కావాలి, ఒక ఆశ్రమం కావాలి. నాకు ఇవేవీ అవసరం కాలేదు. ఏదీ నమ్మడన్న పేరు చాలింది. నేను ఆవిడ ఇంట్లోంచి ముహూర్తాన్ని తరిమేసి, ఖాళీ అయిన ఆ పీట మీద నేనే కూర్చున్నాను. ప్రశ్నించమని నేర్పాను, నిజమే. ప్రశ్నించింది కూడా. నన్నే ప్రశ్నించింది. జవాబుగా అబద్ధం చెప్పాను. ఇంతకన్నా పెద్ద ద్రోహం హేతువాదానికి ఏ బాబా చేయగలడు? అడిగినా లాభం లేదని ఆవిడకు నేర్పినవాణ్ణి నేను.

ఇన్నాళ్లూ ఊరుకుని ఇప్పుడెందుకు? పోయిన వారం యూ టీలో మా బ్లాకు కింద పోస్టు డబ్బాలో ఒక రంగుల కాగితం పడింది. అదే గల్ఫ్ నగరం, ఇంకో టవరు, ఇంకో కంపెనీ పేరు. మధ్యలో పెద్ద అక్షరాలతో నా వాక్యం. పునాదులు లేస్తుండగా కళ్లారా చూశాను. కింద, ఒక తెలుగు హేతువాది అని. నేను చూడని పునాదిని ఇప్పుడు నేను వినని టవరు కింద కూడా వేశారు. కోపంతో కాగితం చింపాను. మెట్ల మీద కూర్చున్నాను. ఎవరి మీద కోపం? దొంగిలించినవాడి మీదా? వాడు దొంగిలించింది నా అబద్ధాన్నే కదా.

రాయడం మొదలుపెట్టాక మరొకటి తట్టింది. ఆవిడకు తెలుగు చదవడం రాదు. అంటే, ఒప్పుకోవడానికి కూడా ఆవిడ చదవలేని లిపినే ఎంచుకున్నాను. మీ అందరికీ తెలుస్తుంది, ఆవిడకు తప్ప. చూశారా, ఇప్పటికీ కంచె వెనకే నిలబడి మాట్లాడుతున్నాను. ఆ పది అడుగులు ఇంకా వేయలేదు.

క్షమించమని అడగడం లేదు. క్షమిస్తే ఆవిడ మోకాళ్లు బాగుపడవు. రాసేశాను కాబట్టి చెప్పులో రాయి బయటికి వచ్చింది, అంతే. అరికాలు మీద దాని గుర్తు ఉంది. ఉండనివ్వండి.

వచ్చే ఆదివారం సమావేశంలో ఇదంతా నేనే లేచి చదువుతాను. పేరుతో సహా. మంగమ్మ ఆంటీ మూడో వరసలో ఉంటుంది, రమ్మని నేనే వెళ్లి పిలుస్తాను. కానీ నా గురించి మీకు ఇప్పుడు తెలుసు. జనం ముందు నిలబడ్డాక నా నోరు ఏం చేయగలదో తెలుసు. బుకిట్ బటోక్‌లో మా గది ఎక్కడో ఈ ఊరి తెలుగువాళ్లకు చెప్పనక్కరలేదు. రండి. నేను రాసిన ఇది అచ్చయిన కాగితం చేతిలో పట్టుకుని రండి. నేను చదువుతుంటే వేలితో పంక్తి వెంట పంక్తి చూసుకోండి. ఒక్క వాక్యం మింగినా, ఒక్క మాట మెత్తబరిచినా, నేలవైపు చూస్తూ కూర్చోకండి. అందరి ముందూ లేచి నిలబడండి. ఆవిడ అడిగినట్టే, గట్టిగా అడగండి. సూసినావా, ఇన్నావా?