టోపీ పెట్టినవాడల్లా స్కౌటే

ఓడెల్ క్రాబ్‌ట్రీ కంటికి టోపీ పెట్టుకున్న ప్రతి మనిషీ స్కౌటే. అంటే పెద్ద లీగ్ జట్ల కోసం ఊరూరా తిరిగి ఆటగాళ్లను ఏరుకుపోయే మహానుభావుడన్నమాట. ఆ రోజుల్లో టోపీ లేకుండా ఇల్లు కదిలే మగాడేడీ? ఆటకి మూడొందలమంది వస్తే అందులో రెండొందల డెబ్భైమంది స్కౌట్లే.

అయోవాలో మొక్కజొన్న చేల మధ్య మాది అట్టడుగు లీగ్ బేస్‌బాల్ జట్టు. నేను బంతి విసిరే పిచర్‌ని, ఓడెల్ దాన్ని పట్టే క్యాచర్. అతని వయసు ముప్ఫై ఎనిమిది. అతను గొంతుక్కూర్చుంటే మోకాళ్ల చప్పుడు టికెట్ల కిటికీ దాకా వినిపించేది. కాన్వెంటులో సిస్టర్ల దగ్గర చదువుకున్నానని నన్ను ‘ఫాదర్’ అని ఏడిపించేవాడు.

ఆట మధ్యలో వచ్చి చెవిలో ఊదేవాడు. “ఫాదర్, రెండో వరుస చూడు. ఈకల టోపీ.”

“ఆవిడ మేయర్‌గారి అత్తగారయ్యా!”

“ఇప్పుడు ఆడవాళ్లని కూడా పంపుతున్నార్రా.”

ఒకసారి కంచె అవతల చేలోకి చూపించాడు.

“ఓడెల్, అది దిష్టిబొమ్మ.”

“మారువేషం. రెండు గంటల్నుంచి కదిలాడా? ఎంత శ్రద్ధగా చూస్తున్నాడో!”

ఆ దిష్టిబొమ్మ కూడా నవ్వడం నేను కళ్లారా చూశాను.

ఆ ఏడు ఆగస్టులో నాకు నవ్వు కరువైంది. ఆరేళ్లుగా అదే లీగ్. రేడియోలో పెద్ద లీగ్ ఆట వస్తుంటే, చేతిలో లేని బంతిని వేళ్లతో తిప్పుకుంటూ కూర్చునేవాణ్ని. నావల్లే వరసగా నాలుగు ఆటలు ఓడిపోయాం. “శనివారం కూడా ఇంతే అయితే ఆదివారం ఇంటికి బస్సెక్కు,” అన్నాడు మేనేజర్ హాఫ్నర్.

శనివారం ఐదో ఇన్నింగ్స్. మూడు బేసుల మీదా అవతలి జట్టువాళ్లే, ఒక్క దెబ్బ తగిలితే పరుగులే పరుగులు. బిగుసుకుపోయిన చేత్తో ఎలా విసిరినా బంతి వంకరగానే పోతోంది. మోకాళ్లు టకటకలాడించుకుంటూ ఓడెల్ వచ్చాడు.

“ఎడమ వైపు, బూడిదరంగు టోపీ.”

“ఆయన శవపేటికలు అమ్ముతాడు!”

“అందుకే వచ్చాడు. నీ కొలతలు తీసుకుంటున్నాడు.”

పకపకా నవ్వేశాను. చెయ్యి వదులైంది. తరవాత తొమ్మిది బంతుల్లో వరసగా ముగ్గురు బ్యాటర్లని అవుట్ చేశాను. ఆటా గెలిచాం.

బట్టలు మార్చుకుంటుంటే ఒక బట్టతలాయన లోపలికొచ్చాడు. నెత్తిన టోపీ లేదు, ఎండకి నున్నటి తల కమిలిపోయింది. ఆట జరిగినంతసేపూ కుడివైపు కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకున్న మనిషి. నిజమైన స్కౌట్! బుధవారానికల్లా పై లీగ్‌లో చేరమని నాతో చెప్పి, ఓడెల్ వైపు తిరిగాడు.

“ఏం ఓడెల్, ఇంకా ఊళ్లో టోపీలన్నీ చూపిస్తున్నావా?”

“మీ మొహం చూపిస్తే కుర్రాళ్లు జడుసుకుంటారు సార్.”

ఆయన పకపకా నవ్వి వెళ్లిపోయాడు. నేను ఓడెల్‌ని పట్టుకున్నాను.

“నీకు ఆయన ముందే తెలుసా?”

“పదిహేడేళ్ల కిందట నన్ను చూడటానికే వచ్చాడు. ఎవడో పుణ్యాత్ముడు ఆ సంగతి నా చెవిలో వేశాడు. అంతే, వరసగా మూడు బంతులు జారవిడిచాను.” ఓడెల్ మోకాలికి చుట్టిన గుడ్డ విప్పుకుంటున్నాడు. “రోజూ అబద్ధపు స్కౌట్లని చూపిస్తే, అసలువాడొచ్చిన రోజు మీరు బిగుసుకుపోరు. ఈ ఏడు అసలువాళ్లు పదకొండుసార్లు వచ్చారు. ఒక్కసారైనా పసిగట్టారా?”

“మరి ఇన్నేళ్లూ నీ ఆట సంగతి?”

ఓడెల్ విప్పిన గుడ్డని మడతపెడుతూ నవ్వాడు.

“అదేరా ఫాదర్ నా ఖర్మ. ఆ అసలువాళ్ల మొహాలన్నీ నాకు తెలుసు, కనబడగానే బిగుసుకుపోతాను. ఇంక నన్ను మోసం చేసేవాడెవడు చెప్పు?”