నాకు పందెం పెట్టిన పిల్ల

మొన్న సాయంత్రం మా అల్లుడు బండి మీద బజారుకు వెళ్ళి ప్లాస్టిక్ ఆకుల పొట్లం ఒకటి కొనుక్కొచ్చాడు. ఎందుకయ్యా అంటే, మనవరాలి నర్సరీ బడి నుంచి ఫోనుకి మెసేజీ వచ్చిందట: ఇండోర్ ఛాలెంజ్, చెంచాలో గోళీ పెట్టుకుని నడవడం, అవుట్‌డోర్ ఛాలెంజ్, ఐదు రకాల ఆకులు తేవడం. రామచంద్రపురంలో మేముండేది మూడో అంతస్తు అన్నమాటే గాని, కిందికి దిగితే వేప, జామ, గన్నేరు, కరివేపాకు అన్నీ ఉన్నాయి. అయినా పిల్లకి దోమలు కుడతాయని బజారు ఆకులతో పని కానిచ్చేశారు. నాకు నవ్వు ఆగలేదు, మా అమ్మాయికి కోపం వచ్చింది. ఇలాంటి ఛాలెంజీలు పెట్టి గవర్నమెంటు జీతం తిన్న మనిషిని నేను అని చెప్పబోయి, వాళ్ళ హడావిడి చూసి ఊరుకున్నాను. నా ఈడువాళ్ళు మీరైతే వింటారు.

డెబ్బైల చివర్లో, స్కూలు ఫైనలు పాసై, కొన్నాళ్ళు ట్రైనింగు అయ్యాక, రాజోలు నుంచి సఖినేటిపల్లి వెళ్ళే దారిలో ఒక ఊళ్ళో బాలవాడి టీచరుగా చేరాను. మా నాన్నగారు బడిపంతులు, అమ్మ ఆదివారాలు చర్చిలో పిల్లలకి పాటలు నేర్పేది, కాబట్టి పిల్లల్ని పట్టుకోవడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య అనుకునేదాన్ని. మొదటి వారంలోనే ఆ గర్వం దిగిపోయింది. చర్చి పక్కన ఒక పెంకుల షెడ్డు, రెండు చాపలు, ఐదేళ్ళలోపు పిల్లలు ఇరవై మంది, ఉప్మా వండిపెట్టే ఆయా, నేను. ఆఫీసు పంపిందన్న బొమ్మల పెట్టె దారిలోనే ఎక్కడో ఆగిపోయింది. ఇక చేతికి దొరికిందే బొమ్మ అనుకుని పందేలు మొదలుపెట్టాను.

వాన పడితే లోపలి పందెం. చేటలో కందులు, పెసలు, మినుములు కలిపి పోసి విడదీయమనడం, కళ్ళకి గుడ్డ కట్టి ధనియాలు, కరివేపాకు, ఎండుచేప వాసన చూసి చెప్పమనడం. ఎండుచేప దగ్గర ఒక్కళ్ళూ తప్పేవారు కారు, పైగా దాన్ని తిరిగి ఇచ్చేవారూ కారు. ఎండ కాస్తే బయటి పందెం. కొబ్బరి ఈనెల్ని పొట్టి నుంచి పొడుగు వరకూ వరసగా పేర్చడం, కొబ్బరిచిప్పలో నీళ్ళు ఒలక్కుండా చేను గట్టు మీద నడవడం, కాలవలో కొబ్బరి పిందె, పెంకుముక్క ఏది తేలుతుందో ఏది మునుగుతుందో ముందు చెప్పి తర్వాత వేసి చూడడం. ముందు పూర్తి చేసినవాళ్ళు పక్కవాళ్ళకి సాయం పట్టాలన్నది ఒక్కటే నియమం. తల్లులకి మాత్రం ఇదంతా నచ్చేది కాదు. “పప్పులేరడం మా ఇంటికాడ నేను నేర్పుకుంటానండి, మీరు పలక మీద అక్షరం పెట్టించండి టీచరుగారూ” అని ఒకావిడ నా మొహం మీదే అంది.

ఆ పిల్లల్లో ఐదు నిండబోతున్న పిల్ల ఒకతె ఉండేది. వాళ్ళ తాత కళ్లాల్లో కుంచంతో ధాన్యం కొలిచే మనిషి. చుట్టుపక్కల ఎవరి రాశి కొలవాలన్నా ఆయన రావలసిందే. పిల్ల తాత పంచె పట్టుకుని తిరగడమే తప్ప పెద్దగా మాట్లాడేది కాదు గాని, చేతిలో చిప్ప పెడితే చాలు, ఇసక నింపి, అరచేత్తో పైన సరిగ్గా చదును చేసి, ఒక్క రేణువు కిందపడకుండా కుండలో పోసేది. వాళ్ళమ్మకి అప్పుడే మళ్ళీ పురుడొచ్చింది. చంటిదాన్ని చూసుకోవడానికి ఈ పిల్లని ఇంట్లో ఉంచేస్తానని తల్లి, కాదు జూన్‌లో ఒకటో తరగతిలో వెయ్యాలని నేను, రోజూ తగువు. బాలవాడికి వస్తున్నంత కాలం నాది పైచేయి. మానేసిందంటే ఇక దాని చదువు అంతేనని నాకు తెలుసు.

రెండో పంట దాళ్వా కోతల రోజుల్లో అమలాపురం నుంచి సూపర్‌వైజరు గారు తనిఖీకి వచ్చేరు. నా గొప్ప చూపించుకుందామని ఈ పిల్లనే పిలిచి, కుండ నిండడానికి ఎన్ని చిప్పల ఇసక పడుతుందో పైకి లెక్కపెడుతూ కొలవమన్నాను. పిల్ల మొదటి చిప్ప పోసి “లాభం” అంది. తర్వాత రెండు, మూడు, నాలుగు, తడబడకుండా పదకొండు. మన వైపు కళ్లంలో మొదటి కుంచాన్ని ఎవరూ ఒకటి అనరని, లాభం అనే అంటారని మీకు తెలుసు, నాకూ తెలుసు. పట్నంలో పుట్టిన ఆవిడకి తెలియదు. ఒకటి రాని పిల్లకి పదకొండు ఎలా వచ్చిందని ఆవిడ అడిగారు. నేను నోరు విప్పి ఇది మా కొలత పద్ధతండీ అని ఒక్క ముక్క చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు. పల్లెటూరి దాన్ననుకుంటారేమోనని సిగ్గు, ఉద్యోగం కొత్త, భయం. పిల్ల వైపు తిరిగి, అది తప్పు, ఒకటి అనాలి, మళ్ళీ మొదటినుంచి చెప్పు అని అందరి ముందూ గట్టిగా అన్నాను. పిల్ల చిప్ప కింద పెట్టేసింది. “మా తాత తప్పు చెప్పడండి” అని, వెళ్ళి చాప మీద గోడ వైపు తిరిగి కూర్చుంది.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఆయాని పంపిస్తే, చంటిదాన్ని ఎత్తుకుని ఆడిస్తోందనీ, తల్లి మొహం సంతోషంగా ఉందనీ చెప్పింది. నాకు ఆ పూట అన్నం సయించలేదు. మూడో రోజు పిల్లల్ని ఆయాకి అప్పగించి, తాతతో మాట్లాడదామని కళ్లానికి వెళ్ళాను. తాత కొలుస్తున్నాడు, చంటిది పడుకున్న వేళేమో, పిల్ల కూడా పక్కన కూర్చుని ఇరవై కుంచాలకొకసారి గుర్తుగా గుప్పెడు గింజలు విడిగా పెడుతోంది. కొలిచేవాణ్ణి మధ్యలో పలకరించకూడదు కాబట్టి, రాశి అయిపోయేదాకా గంటసేపు ఎండలో నిలబడ్డాను. నాకు ఆ శిక్ష తగినదే అనిపించింది.

ఆయన కుంచం పక్కన పెట్టి చేతులు దులుపుకుని, “బళ్ళో ఒకటి అనాలంటే అంటాదండి, దానికి రెండూ పట్టుబడతాయి. కానండి, తాత తప్పన్నారని సరిగా అన్నం కూడా తినట్లేదండి” అన్నాడు. కోపంగా అనలేదు, అందుకే ఇంకా కష్టంగా తోచింది. అప్పటివరకూ పిల్లల ముందు నాది తప్పని ఒప్పుకున్న దాన్ని కాదు. అక్కడ కూలీలందరూ చూస్తుండగా ఆ పిల్ల ముందు గొంతుక్కూర్చుని, మీ తాతది తప్పు కాదమ్మా, తప్పు నాది అన్నాను. అది లేచి, ఆ కుంచం రెండు చేతులా ఎత్తి తెచ్చి నా ముందు పెట్టి, తాతకి కూలి కింద వచ్చిన చిన్న కుప్ప చూపించి, “కొలవండి టీచరుగారూ” అంది.

కొలిచాను. లాభం అనే మొదలుపెట్టాను. కుంచం బరువుకి పక్కకి ఒరిగిపోయి గింజలు చీర నిండా పడ్డాయి. ఏ ఆరో ఏడో కుంచం దగ్గరో, గట్టు మీద పోతున్న ఎవరో రాజోలు బస్సు వెళ్ళిపోయిందాండీ అని అడిగితే, మర్యాద మనిషినై వెళ్ళిపోయిందండీ అన్నాను. అంతే, లెక్క పోయింది. “మధ్యలో మాటాడకూడదండి! మళ్ళీ మొదట్నించండి!” అని పిల్ల నడుం మీద చెయ్యి పెట్టుకుని అరిచింది. కళ్లమంతా ఒకటే నవ్వు. నేను మళ్ళీ మొదటినుంచి కొలిచాను.

మర్నాడు పొద్దున్నే పిల్ల ఆయా కంటే ముందు వచ్చి షెడ్డు గడప మీద కూర్చుంది. జూన్‌లో నేనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ఒకటో తరగతిలో చేర్పించాను. తర్వాత అది నర్సు చదివి, కువైట్‌లో చాలా ఏళ్ళు పనిచేసి వచ్చింది. కొన్నేళ్ళ కిందట రాజోలులో ఒక పెళ్ళిలో కనబడి, మా టీచరుగారికి ధాన్యం కొలవడం నేర్పింది నేనేనండి అని భర్తకి పరిచయం చేసింది. ఆ తనిఖీ, నా కేకలు, గోడ వైపు తిరిగి కూర్చున్న సంగతి దానికి ఏమీ గుర్తులేవు. నేను ఇన్నేళ్ళూ మోస్తున్న మాట దానికి చెప్పాలా వద్దా అని తటపటాయించి, చెప్పకుండానే భోజనాలకి లేచాను.

ఇప్పుడు ధాన్యం బస్తాల్లోకి ఎక్కి కాటా మీద తూగిపోతోంది, ఆ కళ్లం ఉన్న చోట ఇళ్ళు లేచాయి. అందుకు నేనేమీ ఏడవను, ఆ తాత నడుం నొప్పి నాకు తెలుసు. నా దిగులల్లా మా మనవరాలి గురించి. వాళ్ళ నాన్న పని ఫోనులో, వాళ్ళమ్మ పని కంప్యూటరులో. పగటిపూట పెద్దవాళ్ళ పక్కన కూర్చుని వాళ్ళ పనిలోంచి అది నేర్చుకుని బడికి పట్టుకెళ్ళేది ఏముంది? మా అమ్మమ్మ తప్పు చెప్పదండీ అని అది ఏదో ఒక రోజు వాళ్ళ టీచరమ్మకి ఎదురు చెప్పాలనీ, ఆ టీచరమ్మ మా ఇల్లు వెతుక్కుంటూ మూడంతస్తులు ఎక్కి రావాలనీ నాకు ఆశ. అలా ఎదురు చెప్పగలిగేంతగా దానికి నేను ఏం నేర్పానా అని, రెండు రోజులుగా ఆలోచిస్తున్నాను.