పంజరం నేరమని రాసింది నేనే

రెండేళ్ల కిందట బోధన్‌లో విలేకరిగా ఉండగా, జంతువుల కేసులే వాదించే ఒక వకీలమ్మ గురించి వార్త రాశాను. ఎడ్లతో శక్తికి మించి చెరకు లాగించడం నేరమట. రామచిలుకను పంజరంలో పెంచడమూ నేరమేనట. ఆ చిలుక మాటనే శీర్షికగా పెట్టాను. మా ఇంటి చిలుక మిట్టు సంగతి తట్టనే లేదు.

మర్నాడు మెచ్చుకోవడానికి ఆమె మా ఇంటికే వచ్చింది. కూర్చుందో లేదో, వెనక వరండాలోంచి వినిపించింది: "ఎవరొచ్చిండ్రు? చాయ్ తాగి పోండ్రి!"

"లోపల అవ్వ ఉన్నదా అన్నా?" అంది వకీలమ్మ.

"ఉందమ్మా, మంచం మీంచి లేవలేదు," అన్నాను, వరండా తలుపు దగ్గరికి వేస్తూ.

మా ఆవిడ పంజరంతో సహా బయటికొచ్చింది. "నా మిట్టును అవ్వను జేసినవా?"

వకీలమ్మ నవ్వు ఆపుకుంది. "నేరమని మీరే రాసిండ్రు గదన్నా. మీరే అటవీశాఖకు అప్పజెప్పుండ్రి, కేసు దాకా రాకుంట నేను మాట్లాడుత."

పదేళ్లు బిడ్డలా సాకిన చిలుక. అటవీశాఖ వాళ్లు పంజరం ఎత్తుతుంటే మా ఆవిడ గోడవైపు తిరిగి నిలబడింది. మిట్టు మాత్రం వాళ్లకు మర్యాద చేసింది: "చాయ్ తాగి పోండ్రి!"

వాళ్లు తాగే వెళ్లారు. శీర్షిక పెట్టేముందు సొంత వరండా చూసుకోవాలని నాకు తెలిసొచ్చింది. ఆ నెలంతా నా చాయ్ హోటల్లోనే.