బావగారి రిపోర్టు

మా బావగారంటే నాకు అసూయ. రాసుకోవడానికి కూడా సిగ్గుగానే ఉంది. మా ఆయనకు అన్న, ఆరేళ్లు పెద్ద. కోటవురట్ల దగ్గర చెరకు పండించి, సొంత పాకలోనే బెల్లం వండుతారు. ఆయనకు ఏ జబ్బూ లేదు.

మా ఆయనకు కిందటేడాది కాలి బొటనవేలు వాచింది. దుప్పటి తగిలినా మూలిగేవారు. అనకాపల్లిలో రక్తపరీక్ష చేయిస్తే యూరిక్ యాసిడ్ ఎక్కువని తేలింది. డాక్టరుగారు షుగరు కూడా చూడమన్నారు. అది ఇంకా గీత దాటలేదుగానీ, దానికి ఆనుకునే ఉంది. ఇన్సులిన్ సరిగా పనిచేయని ఒంట్లో మూత్రపిండాలు యూరిక్ యాసిడ్‌ను పూర్తిగా బయటికి పంపలేవనీ, అందుకే ఈ రెండూ తరచూ జంటగా కనిపిస్తాయనీ చెప్పి, తీపి తగ్గించమన్నారు. మా పాపకు అప్పటికి రెండేళ్లు. తిరిగొస్తూ ఆటోలోనే దాని పెళ్లి దాకా ఆలోచించేశాను.

ఆ రోజే పంచదార డబ్బా ఖాళీ చేశాను. బెల్లం ఉందిగా అనుకున్నాను. డిగ్రీలో కెమిస్ట్రీ చదివినదాన్నే. కానీ మా వైపు పెరిగినవాళ్లకు బెల్లం తీపిలా తోచదు, మందులా తోస్తుంది. అక్క, అంటే మా తోటికోడలు, పంపే బెల్లం దిమ్మలోంచి కాఫీలోకి ఇంత, పాలలోకి ఇంత, అన్నం తిన్నాక ఒక ముక్క. బావగారు అంత గట్టిగా ఉన్నది దాని వల్లేనని నా నమ్మకం.

మూడు నెలలకు వేలు మళ్లీ వాచింది. షుగరు గీత దాటింది. ఏం పెడుతున్నావని అడిగితే గర్వంగా చెప్పాను. డాక్టరుగారు పెన్ను కింద పెట్టి, ఒంటికి పంచదారా బెల్లమూ ఒకటేనమ్మా అన్నారు.

అన్నదమ్ములు కదా, మీరూ రక్తపరీక్ష చేయించుకోండని బావగారి వెంటపడ్డాను. ఆయన మంచి కోరి కాదు. ఆయన రిపోర్టులోనూ ఏదో ఒకటి ఎక్కువుండాలని కోరుకున్నాను. రిపోర్టు వచ్చిందని తెలిసి ఆదివారం వెళ్లాం. రెండుసార్లు చదివాను. అన్నీ బాగానే ఉన్నాయి.

ఎప్పుడూ బెల్లంలోనే ఉంటారు, ఆయనకెలా లేదక్కా అని అడిగేశాను.

అక్క నవ్వింది. "మేం వండుతాం గానీ తినం సెల్లీ. రోజంతా ఆ పాకం వాసన పీల్సినోలికి బెల్లం నోట్లో పెట్టబుద్దవుద్దేటి? మంచి దిమ్మలన్నీ నీకే అట్టేపెడతన్నాను."

ఆ రోజుదీ కాగితంలో చుట్టి ఉంచింది. ఇన్నాళ్లలో మొదటిసారిగా వద్దన్నాను. అక్క మొహం చిన్నబోయింది.

"పాపకైనా పట్టుకెల్దాం," అన్నారు మా ఆయన, దిమ్మ వైపే చూస్తూ. నేను లేచి చెప్పులేసుకున్నాను.

బస్సు దాకా బావగారు పాపను భుజాన ఎక్కించుకుని ముందు నడిచారు. మా ఆయన కుంటుతూ వెనకబడ్డారు. ఆయన పక్కనే నడుస్తున్నాను గానీ, దారంతా నా చూపు ముందు వెళ్తున్న ఆ పాదాల మీదే ఉంది.