పోనూ రానూ బాడుగ

మా ఆవిడ పోయిన సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. నెల్లూరు పెద్దాసుపత్రిలో తెల్లవారి కాఫీ తీసుకుని వార్డులోకి వెళ్ళేసరికి, ఆమె ముఖం మీదికి దుప్పటి లాగి ఉంది. పక్కన ఆయా నిలబడి ఉంది. "మంచం ఖాళీ చేయాలయ్యా. ఇంకొకామె వస్తా ఉండాది," అంది. కాఫీ చెంబు కిటికీలో పెట్టాను. అట్లా తెలిసింది.

ఖాళీ చేయడం మాకు కొత్త కాదు. నాది బోర్డు స్కూలు ఉద్యోగం. కాపురం పెట్టింది చిట్టమూరులో. అక్కణ్ణుంచి కోట అవతల సముద్రం ఒడ్డు పల్లెకి వేశారు. ఆ తర్వాత ఇందుకూరుపేట, ఆపైన ఇంకొన్ని ఊళ్ళు. బదిలీ ఆర్డరు నా పేరు మీద వచ్చేది. ఇల్లు కదిలించే పని ఆమెది. నాలుగు మాటలు రాయమని మిత్రులు అడిగినప్పుడు, ఆమె గురించి నాకు తోచిందల్లా ఆ పనే. ఈ పత్రిక చదివే వాళ్ళలో బదిలీల ఉద్యోగులు చాలామంది ఉన్నారు. వాళ్ళకు ఈ రాత కాస్త పనికొస్తే ఆమె వద్దనదు.

మొదటిసారి, చిట్టమూరులో, బండి మాట్లాడింది నేను. బాడుగ ఎంత అని అడిగాను. బండ్ల మేస్త్రీ ఒక అంకె చెప్పాడు. సరే అన్నాను. ఇంటికొచ్చి చెబితే ఆమె పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది.

"ఎత్తే కూలి అందులోనే ఉందా?"

"అడగలేదు."

"దించే కూలి? తాళ్ళు? దారిలో ఎద్దుల మేత?"

"అడగలేదు."

"అయితే మీరు బాడుగ మాట్లాడలేదండీ. బండిని చూసొచ్చారు."

మేస్త్రీని పిలిపించింది. నడివయసు మనిషి, బుర్రమీసాలు, భుజాన కొరడా. ఆమె గడపలో నిలబడి, ముందు ఇంట్లోని సామానంతా చూపించింది. ఆవకాయ జాడీతో సహా. దాచి బేరం చేస్తే దారిలో దించేస్తానంటాడు, అప్పుడు నడిదారిలో నిలబడి ఎవరికి చెప్పుకుంటామని ఆమె భయం. చూపించాక అడిగింది.

"మేస్త్రీ, బాడుగ ఎంత అని నేనడగను. ఈ సామాను మా కొత్త ఇంట్లో దించి, నువ్వు నీ దారిన పోయేదాకా ఎంత? ఒకటే మాట చెప్పు. దాని మీద పైసా అడగకూడదు."

"పోనూ రానూ కలిపి ఇరవై ఇయ్యాలమ్మా."

"పోయేది మేము. వచ్చేదెవరు?"

"నా ఎద్దులు రావద్దా? ఖాళీ బండి తోలుకోని రావాల గదా. గాలికి బాడుగ ఎవరిస్తారు?"

"నీదేవూరు?"

"కోట."

"మేం పోయేదీ కోట పక్కకే. ఈడికి ఏదో సరుకు దించేదానికి వచ్చినావు. ఎట్టాగూ ఖాళీగా ఇంటికి పోవాల. నీ ఎద్దులు వాటి ఇంటికి అవి పోయేదానికి నేనెందుకు డబ్బులిచ్చేది?"

మేస్త్రీ తలగుడ్డ తీసి దులిపి మళ్ళీ కట్టుకున్నాడు. నావైపు తిరిగి, "ఈమ్మ ఎవరి బిడ్డ అయివోరా?" అన్నాడు. పన్నెండుకి బేరం తెగింది.

అప్పటి నుంచి ఆయనే మా బండివాడు. ఆమె మీద కోపంతోనే వచ్చేవాడు. వచ్చిన ప్రతిసారీ ముందే చెప్పేవాడు, "ఈసారి రానూ బాడుగ ఇయ్యకపోతే నేను రానమ్మా," అని. వచ్చేవాడు. ఇచ్చేది కాదు.

ఇల్లు కదిలేటప్పుడు ఆమెకు కొన్ని పట్టింపులుండేవి. మోసేవాళ్ళకు ముందు కడుపునిండా పెట్టి, ఆ తర్వాతే సామాను మీద చెయ్యి వెయ్యనిచ్చేది. "ఆకలి మీద ఎత్తినవాడు జాడీని జాడీ అనుకోడు," అనేది. ఆ అన్నం కూడా బాడుగలో లెక్కే అని ముందే తీసిపెట్టేది. రెండోది, అక్కడ దొరికేదాన్ని ఇక్కణ్ణుంచి మోయకూడదు. కొనే ఖరీదు, మోసే ఖరీదు పక్కపక్కన పెట్టి చూసేది. మోసేది ఎక్కువైతే వస్తువు అక్కడే ఉండిపోయేది. రుబ్బురోలు ఎప్పుడూ ఉండిపోయేది. ఇందుకూరుపేటలో పక్కింటావిడ రోలు లేదా అని అడిగితే, "లేకేం? రెండూళ్ళలో ఉన్నాయి. జమీందారుకి కూడా అన్ని లేవు," అంది.

నా కాలేజీ పుస్తకాలు ఒక ట్రంకుపెట్టె నిండా ఉండేవి. ఒక్కొక్కటీ తీసి అడిగింది.

"చదివేశారా?"

"చదివాను."

"మళ్ళీ చదువుతారా?"

నేను అట్ట తిప్పి చూశాను.

"అయితే ఇది బరువే," అని పక్కన పెట్టింది. పెట్టె మొత్తం చిట్టమూరు స్కూలుకి పోయింది. నాకు కోపం వచ్చింది. రెండు రోజులు మాట్లాడలేదు. ఆమెకు అది పట్టినట్టు లేదు.

ఆమెది జాలి లేని పద్ధతి. ఇష్టమైనది, కానిది అన్న తేడా ఉండేది కాదు. తన పుట్టింటి మంచాన్నీ అట్లాగే వదిలింది.

సముద్రం ఒడ్డు పల్లెలో మాకొక పాప పుట్టింది. రెండో ఏడు నిండకముందే జ్వరం వచ్చి పోయింది. సరుగుడు తోపు పక్కన, ఇసకలో పూడ్చాం. చిన్నపిల్లల్ని కాల్చరు. ఆ నెల తిరక్కముందే నాకు ఇందుకూరుపేట ఆర్డరు వచ్చింది.

మేస్త్రీ అప్పటికి బండ్లు అమ్మి పాత లారీ కొన్నాడు. నెల్లూరు నుంచి ఎరువు బస్తాలు తెచ్చేందుకు ఆ వారం ఖాళీగా పోతున్నాడని ఆమె ఆ స్థితిలోనూ కనుక్కుంది. ఆ రోజు కూలీలకు వండి పెట్టింది. తనే వడ్డించింది. వాళ్ళు తినలేక తిన్నారు. సామాను ఎక్కిస్తుండగా ఒక కూలి లోపలి నుంచి ఉయ్యాల పట్టుకొచ్చి వాకిట్లో నిలబడ్డాడు. కొయ్య ఉయ్యాల. మా మామగారు చేయించి పంపింది.

"ఇదమ్మా?" అన్నాడు మేస్త్రీ, ఆమె వైపు చూడకుండా.

ఆమె దాన్ని రోలును చూసినట్టే చూసింది.

"ఆడ దొరుకుద్ది. ఉండనీ," అంది.

దాన్ని ఇంటి ఓనరు వాళ్ళు తీసుకున్నారు. మాకు మళ్ళీ ఉయ్యాల కొనాల్సిన పని రాలేదు.

సామాను ఎక్కించి తాళ్ళు బిగించాక, బయల్దేరేముందు మేస్త్రీ ఒక మాట గట్టిగా అడుగుతాడు. "ఇంకేమన్నా ఉందా?" అని. అది ఆయన పద్ధతి. లేదు అనిపించుకుంటేనే కదులుతాడు. ఆ తర్వాత చెంబు ఎక్కించాలన్నా కొత్త బేరమే. మామూలుగా ఆమె వెంటనే, "ఏం లేదు, తోలు," అనేది. ఆ రోజు జవాబు చెప్పకుండా ఇంట్లోకి పోయింది. గదులు తిరిగింది. పెరట్లోకి పోయి, అక్కణ్ణుంచి కనిపించే సరుగుడు తోపు వైపు చూస్తూ నిలబడింది. మేస్త్రీ తొందరపెట్టలేదు. తిరిగొచ్చి లారీ ముందు సీట్లో నా పక్కన కూర్చుంది.

"ఎక్కించగలిగింది ఏం లేదు. తోలు," అంది.



కడుపులో గడ్డ అని తేలింది మొన్న వేసవి తర్వాత. ఆసుపత్రిలో డాక్టరు నాకు విడిగా చెప్పిన సంగతి ఆమెకు విడిగానే తెలిసిపోయింది. ఒక మధ్యాహ్నం నన్ను దగ్గరికి రమ్మంది.

"నన్ను ఈ ఊళ్ళో కాల్చొద్దండీ. పాప దగ్గరికి తీసుకుపోండి."

నేను తలూపాను. తల ఊపితే ఆమెకు చాలదు.

"ఎట్లా తీసుకుపోతారు?"

"కారు మాట్లాడతాను."

"కారువాడు శవాన్ని ఎక్కించుకుంటాడా? ఎక్కించుకున్నా మీ రెండు నెలల జీతం అడుగుతాడు. మన మేస్త్రీ లారీ పొద్దున్నే చేపలు తెచ్చి మార్కెట్లో దించి, తొమ్మిదింటికి ఖాళీగా పోతది. అది చూడండి. వాడి ఊరికే వాడు పోతాడు. ఒక వైపు బాడుగే ఇవ్వండి." కాస్త ఊపిరి తీసుకుంది. "ఐసు కూడా ఉంటది."

నేను లేచి బయటికి వచ్చేశాను. వెనక నుంచి, "ముందు కూలీలకు పెట్టండి. మర్చిపోతారు మీరు," అనడం వినిపించింది.

ఆమె పోయిన రోజు చేపల మార్కెట్‌కి నడుచుకుంటూ వెళ్ళాను. మేస్త్రీ ఖాళీ తట్టలు ఒకదాంట్లో ఒకటి పెట్టిస్తున్నాడు. లోడు ఉంది, మీ ఊరి వైపే, వచ్చి చూడమన్నాను. ఆయన ఏమిటని అడగలేదు. ఇద్దరు కూలీలను వెంటబెట్టుకుని వచ్చాడు. వార్డు వెనక వరండాలో ఆమెను స్ట్రెచర్ మీద పెట్టి ఉంచారు. నేను గుడ్డ తొలగించాను.

మేస్త్రీ తలగుడ్డ తీశాడు.

"అమ్మగారా," అన్నాడు.

"మా పాత పల్లె ఒడ్డుకి, పాప దగ్గరికి. ఆమెను దించి నువ్వు నీ దారిన పోయేదాకా ఎంత? ఒకటే మాట చెప్పు."

"పోనూ రానూ ఇయ్యాల అయివోరా. ఐసు వేరే."

"నీ ఊరి వైపే గదా మేస్త్రీ పోయేది."

"సాయంత్రానికి మళ్ళా నెల్లూరు రావాల నేను. రోజూ అయితే రొయ్యల తట్టలతో వస్తా. ఈ పొద్దు శవం ఎక్కిన లారీలో రొయ్యలు ఎవడెత్తుతాడు? కడిగినా ఎత్తడు. ఖాళీగా రావాల."

ఆయన చెప్పింది తప్పు కాదు. అయినా అడిగాను. ఏమడిగానో సరిగ్గా గుర్తు లేదు. కొంచెం చూసి చెప్పమని అని ఉంటాను.

మేస్త్రీ ఆమె ముఖం మీది నుంచి కళ్ళు తిప్పలేదు.

"ఇన్నేళ్ళలో ఈమ్మ నాకు రానూ బాడుగ ఒక్క పైసా ఇయ్యలా. ఇప్పుడు లేచి ఒక్క మాట అడగమనండి. సగానికి తోల్తా. ఊరికే తోల్తా. మీరడిగితే మాత్రం తగ్గించను."

కూలీలలో ఒకడు తల పక్కకు తిప్పుకున్నాడు. నేను అప్పుడు ఆ మాట క్రూరమైనదనుకున్నాను. ఇప్పుడూ అదే అనుకుంటున్నాను. ఆ రోజు నన్ను ఓదార్చడానికి వచ్చిన వాళ్ళు ఆమె మహా ఇల్లాలనీ, లక్ష్మి అనీ చెప్పారు. వాళ్ళు చెబుతున్నది ఎవరి గురించో నాకు అర్థం కాలేదు. మేస్త్రీ మాట్లాడింది మా ఆవిడ గురించే.

ఆమె కొంగున ముడివేసి ఉంచిన డబ్బు ఒక వైపు బాడుగకు సరిపోయింది. తన లెక్క ప్రకారం అంతే కావాలి. రెండో వైపుకి నా చేతి గడియారం విప్పి ఇచ్చాను. మేస్త్రీ తీసుకుని జేబులో వేసుకున్నాడు. ఇప్పటికీ ఆయన దగ్గరే ఉంది.

కూలీలు ఎత్తబోయారు. ఆగమన్నాను. ఆసుపత్రి గేటు ఎదురుగా ఉన్న హోటల్‌కి తీసుకుపోయి ఇడ్లీలు చెప్పాను. వాళ్ళు మొహమాటపడ్డారు, తిన్నారు. సర్వరు నా ముందు కూడా ఒక ప్లేటు పెట్టాడు. తిన్నాను. తర్వాత వాళ్ళు ఆమెను ఎత్తిన తీరు నేను చూశాను. ఎక్కడా తగలనివ్వలేదు.

లారీ వెనక చాప పరిచి, ఊక చల్లిన ఐసు ముక్కల మధ్య ఆమెను పడుకోబెట్టారు. నేను పక్కన కూర్చున్నాను. చేపల వాసన. కోట దాటాక గాలి మారింది. పల్లెలో నా పాత విద్యార్థుల తండ్రులు వచ్చారు. సరుగుడు కట్టెలు వాళ్ళే తెచ్చారు. వాటికి డబ్బు తీసుకోలేదు. పాపను పూడ్చిన చోటు గుర్తు పట్టలేకపోయాను. ఇసక అన్నేళ్ళు ఒక్కచోట ఉండదు. తోపు కూడా ఒకసారి కొట్టేసి మళ్ళీ నాటారట. ఇక్కడే అయ్యుంటుందని ఒక ముసలాయన చూపించిన చోట చితి పేర్చారు. అంత దూరం తెచ్చి, ఆమెను సుమారుగా దించాను.

మంట బాగా అంటుకున్నాక మేస్త్రీ లారీ దగ్గరికి పోయాడు. నన్ను పిలిచాడు.

"ఎక్కండి అయివోరా. రానూ బాడుగ ఇచ్చినారు గదా. ఖాళీగానే పోతా ఉండాను."

"నేనుండాలి మేస్త్రీ. అస్థులు తీసేదాకా."

ఆయన స్టీరింగు ముందుకెక్కి కూర్చున్నాడు. ఆ తర్వాత ఇంజను వేశాడు. తల బయట పెట్టి, అలవాటు మీదనో, కావాలనో నాకు తెలియదు, గట్టిగా అడిగాడు.

"ఇంకేమన్నా ఉందా?"

అడిగి ఆగాడు. ఆ మాటకు నేను ఎప్పుడూ జవాబు చెప్పి ఎరగను. మేస్త్రీ చూస్తున్నది నన్ను కాదు, చితిని. ఇంజను మోగుతూనే ఉంది.

"ఎక్కించగలిగింది ఏం లేదు," అన్నాను. "తోలు."

లారీ కదిలింది. వెనక పలకల సందుల్లోంచి కరిగిన ఐసు నీళ్ళు కారుతూ పోయాయి. ఇసక బాట మీద సన్నటి తడి చార, నేను నిలబడ్డ చోటు నుంచి మలుపు దాకా. గాలి లేదు, ఎండ ఇంకా ఉంది. చార ముందు నా కాళ్ళ దగ్గర ఆరింది. తర్వాత కొంచెం ముందుకి. ఆ మలుపు దగ్గర మాత్రం చాలాసేపు నల్లగా ఉండిపోయింది.