అంటు కట్టే ముద్దమ్మ

చింతామణి నర్సరీలో ముప్పై ఏళ్ళుగా మామిడి అంట్లు కడుతున్న ముద్దమ్మ ఎడమ బొటనవేలి నిండా చాకు గాట్లే. ఆమె కట్టిన మొక్కలు మోకాలెత్తు పెరగగానే అమ్ముడైపోతాయి. ఆ తర్వాత అవి బతికాయో లేదో ఆమెకు తెలియదు. కూతురు వినుత బెంగళూరు తీసుకెళ్ళి లాల్‌బాగ్ చూపిస్తుంటే, ఆమె పూలన్నీ వదిలేసి ఒక ముసలి మామిడి చెట్టు మొదట్లో గొంతుక్కూర్చుంది.

"ఏం ఎతుకుతాండావమ్మా?" అంది వినుత.

"అంటు కట్టిన చోటు యాడుండాదో చూస్తాండా."

బెరడు తడుముతుంటే చివరికి ఒక ఉబ్బు ఆమె వేళ్ళకు తగిలింది. అడుగు మొక్కా, దానికి కట్టిన కొమ్మా ఎక్కడ అతుక్కున్నాయో చెప్పలేనంతగా కలిసిపోయాయి. ముద్దమ్మ దానిమీద అరచేయి ఆనించింది.

"ఎవురు కట్టినారో గాని, ఇన్నేండ్లయినా ఇడిసిపోలేదు చూడు," అంది. "అట్లయితే నావి గూడా యాడో ఒగచోట ఉండాయిలే."